తల్లి రూపచిత్రం

సరిగా బొమ్మ గీయడం చేతకానివారే వింత చిత్రాలకు దిగుతారని కొందరి అపోహ. పాబ్లో పికాసో 1896లో బార్సిలోనాలో గీసిన తన తల్లి రూపచిత్రాన్ని చూసినవారు ఆ మాట అనలేరు. అప్పటి కతని వయస్సు పదిహేనేండ్లు మించలేదు.

అది కాగితంపై పాస్టెల్ రంగులతో గీసిన చిన్న చిత్రం. తల్లి మరియా ప్రక్కకు తిరిగి కూర్చొని ఉంది. రెప్పలు వాలినవి, ఇంటి పనులు ముగిసి కునుకు పట్టిందేమో! తెల్లని రవికపై సుద్ద గీతలు తేలికగా సాగగా, చెక్కిలి, గడ్డము మాత్రం మిక్కిలి ఓర్పుతో దిద్దబడ్డాయి. ఆ ఓర్పు చిత్రలేఖనోపాధ్యాయుడైన తండ్రి హోసే రూయిజ్ శిక్షణ ఫలం. ప్లాస్టరు బొమ్మలను చూచి గీయడం నాటి విద్యాలయాల పద్ధతి.

పదకొండేండ్లకు, 1907లో, అదే చేయి 'అవిన్యోఁ యువతులు' చిత్రంలో స్త్రీల ముఖాలను కోణాలుగా, ముసుగులుగా విరిచివేసింది. మిత్రులు సైతం నివ్వెరపోయారు. అప్పటికే అతడు సంతకంలో తండ్రి ఇంటిపేరు విడిచి తల్లి ఇంటిపేరునే నిలుపుకొన్నాడు.

తల్లి 1939లో మరణించింది. ఆమె చిత్రాన్ని పికాసో 1970లో బార్సిలోనాలోని తన పేరిటి మ్యూజియమునకు కానుకగా ఇచ్చాడు.