ఎంకి పాటలు ఎవరి పాటలు?

కళాశాలల పోటీల్లో "జానపద గీతం" అన్న అంశం రాగానే ఎవరో ఒకరు ఎంకి పాట ఎత్తుకుంటారు. చప్పట్లు కొడతాం. రాసినదెవరని మాత్రం అడగం. జానపదమంటే ఊరందరిదీ కదా, అడిగే పనేముంది! నా అభ్యంతరం అక్కడే. ఎంకి పాటలు జానపదం కావు. ఏలూరులో వకీలుగా పనిచేసిన నండూరి వెంకట సుబ్బారావు గారు స్వయంగా కట్టి, మిత్రులకు పాడి వినిపించిన పాటలవి.

ఆయన 1895లో ఏలూరు దగ్గరి వసంతవాడలో పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివే రోజుల్లో, ట్రాము బండిలో వస్తుండగా మొదటి పాట పల్లవి తట్టిందని చెబుతారు. చుట్టూ పట్నపు రొద, నోట్లో గోదావరి పల్లె మాట! కవి బసవరాజు అప్పారావు గారి వంటి మిత్రులు విని ముచ్చటపడ్డారు. 1925లో పుస్తకం వచ్చింది.

పండితులు ఊరుకుంటారా? అక్కిరాజు ఉమాకాంతం గారు 1928లో "నేటి కాలపు కవిత్వం"లో ఈ పాటలను గట్టిగానే దులిపేశారు. పొలం పనికి పోయే పిల్ల నాయికేమిటి, ఆ యాస కవిత్వమేమిటి అన్నది ఆనాటి సనాతనుల బాధ. గురజాడ, గిడుగు వాడుక భాషకు దారి వేసిన తరువాత కూడా ఇంత గొడవ. నన్నయ మావాడేనని చెప్పుకునే తణుకులో కూర్చుని ఇది రాస్తుంటే నాకు కాస్త నవ్వొస్తుంది.

నా మటుకు నాకు, పాటల్లో కవి ఎక్కడా అడ్డు రాకపోవడమే గొప్ప. ఎంకి మాట్లాడుతుంది, నాయుడుబావ మాట్లాడతాడు. అలక, ఎదురుచూపు, వెన్నెల, అన్నీ వాళ్ల నోటనే. చదువుకున్న ప్లీడరుగారు అంత పక్కకు తప్పుకున్నారు కనుకనే మనం ఆయన్ను మరిచిపోయాం. స్కాట్లండులో రాబర్ట్ బర్న్స్ కూడా పల్లె యాసలోనే పాటలల్లాడు. కాని ఆయన చాలాచోట్ల పాత పాటలను సేకరించి మెరుగుపెట్టాడు. మన సుబ్బారావు గారు ఎంకినే కొత్తగా పుట్టించారు.

1957లో ఆయన పోయారు. తరువాత శ్రీరంగం గోపాలరత్నం గారి గొంతులో రేడియో ద్వారా ఎంకి ఇంటింటికీ వచ్చింది. పాడినవారి పేరు రేడియో చెప్పింది. వచ్చే పోటీల జాబితాలో ఎంకి పాట ఎదురుగా రాసినవారి పేరు కూడా వేయమని మన సాంస్కృతిక కార్యదర్శిని అడుగుతున్నాను.