మీ ఇంటి బోర్డులో ‘టెస్ట్’ బటన్ ఉందా?



పదో తరగతి సైన్సులో ఇంటి వైరింగ్ గురించి పాఠం ఉంది. లైవ్ వైరు ఎరుపు, న్యూట్రల్ నలుపు, ఎర్త్ ఆకుపచ్చ అని పిల్లలు పరీక్షలో చక్కగా రాస్తారు. కానీ “మీ ఇంట్లో ఎర్తింగ్ ఎక్కడుంది?” అని అడిగితే చాలామంది తెల్లముఖం వేస్తారు. ఈ నెల ఆ పాఠాన్ని మీతో కలిసి ఇంట్లోనే చదువుదాం.

ఎంసీబీ ఉంటే చాలా?

చాలదు. ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. లెక్క చూడండి. ప్లగ్గు లైనుకు 16 ఆంపియర్ల ఎంసీబీ ఉందనుకుందాం. అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి ప్రాణం తీయడానికి 100 మిల్లీ ఆంపియర్లు చాలు. షాక్ కొట్టి పిల్లాడు విలవిల్లాడుతున్నా ఆ ఎంసీబీకి ఏమీ తెలియదు.

మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఇంటిలోకి వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు రెండూ సమానంగా ఉన్నాయా అని అది ఎప్పుడూ లెక్క చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే కన్ను మూసి తెరిచేలోగా సప్లై ఆపేస్తుంది. దాని మీద ‘టెస్ట్’ అనే చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కండి. వెంటనే ట్రిప్ అవ్వాలి. అవ్వకపోతే మార్పించండి. ఒక్క మాట గుర్తుంచుకోండి: ఒక చేత్తో లైవ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే ఆర్‌సీసీబీ కూడా కాపాడలేకపోవచ్చు. అది ఉంది కదా అని అజాగ్రత్త పనికిరాదు.

“మాటిమాటికీ ట్రిప్ అవుతోంది, తీసేయండి”

వానాకాలంలో తరచుగా వినిపించే మాట ఇది. గోడ చెమ్మగిల్లినా, బోరు మోటారు కేబుల్ అతుకులోకి నీళ్లు దిగినా ఆర్‌సీసీబీ పడిపోతుంది. కరెంటు ఎక్కడో కారుతోందని అది చెబుతోందన్నమాట. దాన్ని బైపాస్ చేయించడమంటే ఇంటికి కాపలా ఉన్నవాణ్ణి పంపేయడమే. ఎలక్ట్రీషియన్‌తో “తీసేయండి” అనకండి, “లీకేజీ ఎక్కడో వెతకండి” అనండి. రెండు గంటలు పట్టినా, నాలుగు డబ్బులు ఎక్కువైనా ఫర్వాలేదు.

ఎర్తింగ్ సంగతీ అంతే. ఫ్రిజ్, గీజరు, వాషింగ్ మెషిన్ ఒంటికి కరెంటు పాకితే, అది మన ఒంట్లోంచి కాకుండా భూమిలోకి పోవడానికి ఉన్న దారి ఎర్త్ వైరు. మూడు కాళ్ల ప్లగ్గులో పెద్ద కాలు దానిదే. దాన్ని విరగ్గొట్టి రెండు రంధ్రాల సాకెట్‌లో దూర్చకండి. మన డెల్టా నల్లనేల ఎండాకాలంలో నెర్రెలిస్తుంది. అప్పుడు ఎర్తింగ్ గొయ్యిలో నీళ్లు పోస్తూ ఉండండి.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచినప్పుడు

ఉంగుటూరైనా, కైకరమైనా, చేబ్రోలైనా మనకు తెలిసిన ఎలక్ట్రీషియనే వస్తారు. వేళకాని వేళలో ఫోన్ చేసినా బండేసుకుని వచ్చేవాళ్లున్నారు. వారిని అడగడమంటే అనుమానించడం కాదు. నిజంగా పని తెలిసినవారు ఈ ప్రశ్నలకు సంతోషిస్తారు.

1. వైర్‌మన్ పర్మిట్ ఉందా? బల్బు, ఫ్యాను, స్విచ్చు మార్చడానికి లైసెన్సు అక్కర్లేదు. కొత్త వైరింగ్ మాత్రం లైసెన్సున్న కాంట్రాక్టరు ద్వారానే చేయించాలి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు రెండేళ్లు. అది చదువు, పర్మిట్ వేరు.
2. ఏ సైజు వైరు? సాధారణంగా లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీ, గీజరుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. ఐఎస్ఐ మార్కు చూడండి, బిల్లు అడగండి. 2,000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. 6 ఆంపియర్ల సాకెట్ దానికి చాలదు.
3. అతుకులు ఎక్కడ? పైపు లోపల మెలిపెట్టి టేపు చుట్టకూడదు. జంక్షన్ బాక్సులో కనెక్టరుతో ఉండాలి.
4. ఎర్త్ రీడింగ్ చూపిస్తారా? డబ్బులిచ్చే ముందే ఎర్త్ రీడింగ్, ఆర్‌సీసీబీ టెస్ట్ మీ కళ్లముందు చేయించుకోండి.

స్తంభం, సర్వీసు వైరు పని వీరితో చేయించకండి. దానికి ఈపీడీసీఎల్ నంబరు 1912 ఉంది.

పిల్లలకు చెప్పాల్సినవి

- ఇనుప తీగ దండెం వద్దు, నైలాన్ తాడు కట్టండి. సర్వీసు వైరు ఒరుసుకుని తీగకు కరెంటు పాకితే, తడిబట్ట ఆరేసేవారి ప్రాణం పోతుంది.
- బకెట్లో హీటర్ రాడ్ ఉండగా నీళ్లు ముట్టుకోకూడదు. ముందు స్విచ్ ఆపి, ప్లగ్గు తీయాలి.
- చేపల చెరువు గట్టున ఏరేటరు వైర్లు, స్టార్టరు పెట్టె దగ్గర ఆటలొద్దు.
- మెయిన్ ఆపినా ఇన్వర్టరు లైన్లో కరెంటు ఉంటుంది. రిపేరుకు ముందు రెండూ ఆపాలి.

షాక్ కొడితే

మనిషిని ముట్టుకోకండి. ముందు మెయిన్, ఇన్వర్టరు ఆపండి. వీలు కాకపోతే పొడి నేల మీద నిలబడి, పొడి కర్రతో వైరును పక్కకు నెట్టండి. తర్వాత 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోతే, సీపీఆర్ తెలిసినవారు వెంటనే మొదలుపెట్టాలి. వీధిలో లైను వైరు తెగిపడితే మాత్రం కర్రతో కూడా దగ్గరికి వెళ్లకండి. దూరంగా ఉండి 1912కి చెప్పండి.

ఈ నెల ఇంటిపని

ఈ ఆదివారం పిల్లల్ని బోర్డు దగ్గరికి తీసుకెళ్లండి. ఏ ఎంసీబీ ఏ గదిదో వారిచేత చీటీలు రాయించి అంటించండి. మెయిన్ ఎక్కడుందో ఇంట్లో అమ్మమ్మ, తాతయ్యలకు కూడా చూపించమనండి. తర్వాత మీరు టెస్ట్ బటన్ నొక్కండి. ఆ బటనే లేకపోతే, సోమవారం చేయాల్సిన మొదటి ఫోన్ ఎవరికో మీకు తెలిసినట్టే.