గోలీలు మాత్రం ఆపకు బిడ్డా

తొర్రూరు

బిడ్డా,

పొట్ట తగ్గాలని తమ్ముని పెండ్లి అయ్యేదాక గోలీలు ఆపుతనని రాసినవు. మిగతా సంగతులు తర్వాత, ముందు ఈ ఒక్కటి విను. ఆపకు. మందు ఆగిన రెండు నుంచి నాలుగు వారాలల్ల హెచ్‌ఐవీ వైరస్ రక్తంల మళ్ల లేస్తది. పొట్ట మాత్రం అన్ని దినాలల్ల కరగది. కొన్ని దినాలు వేసుకుంట, కొన్ని దినాలు మానుకుంట పోతే వైరస్ ఆ మందుకు లొంగకుండ తయారైతది. అప్పుడు వేరే మందులకు మారాలె, వాటితోటి కొవ్వు బాధలు ఇంకా ఎక్కువ ఉండొచ్చు. పెండ్లి రెండు దినాల ముచ్చట. ఈ మందు బతుకంత వేసుకునేది.

నీ బాధ చిన్నదని నేననను. మందు మార్చినప్పటి సంది బరువు పెరిగింది, రవికెలు పట్టుతలేవు, చేతులు సన్నగనే ఉండి నడుము మాత్రం లావైందని రాసినవు. ఊళ్లె ఆడోళ్లు "ఎన్నో నెల?" అని అడుగుతుంటే ఏం చెప్పాల్నో తెల్వక కార్యాలకు పోవుడే బంద్ చేసిన అన్నవు. నీ ఉత్తరంల నన్ను భయపెట్టింది పొట్ట సంగతి కాదు, ఈ బంద్ చేసుడు. పెయ్యి మారిందని ఇల్లు దాటకుండ అయినోళ్లను మా కాలంల శాన మందిని చూసిన. మెల్లగ దవాఖానకు పోవుడు గూడ మానేస్తరు.

పాత మందులు వేసుకున్న మా బాధ నీకు ఎదురు. నీకు పెరుగుడు, మాకు కరుగుడు. నువ్వప్పుడు చిన్న పిల్లవు, నీకు తెల్వదు. 2001ల సిప్లా కంపెనీ యూసుఫ్ హమీద్ మూడు మందులు కలిపి ఏడాదికి 350 డాలర్లకే ఇస్తనన్నడు. అప్పటిదాక విదేశీ కంపెనీల మందులు వేల డాలర్లు. 2004 ఏప్రిల్ 1 నుంచి సర్కారు ఉచితంగ ఇచ్చుడు మొదలుపెట్టింది. మన ఉమ్మడి రాష్ట్రంల మొదలు హైదరాబాదుకే పోవాలె. తర్వాత వరంగల్ ఎంజీఎం దవాఖానల ఈ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ వచ్చింది, మనసోంటోళ్లకు బస్సు కిరాయి తగ్గింది. ఆ మొదటి గోలీలల్ల స్టావుడిన్, లామివుడిన్, నెవిరాపిన్ ఉండె. చావు దగ్గరికి పోయినోళ్లను మళ్ల పొలం పనికి తెచ్చిన మందులు అవి. నన్ను గూడ బతికించినయి.

అయితే ఆ స్టావుడిన్‌కు ఒక గుణముండె. మన కణాలల్ల మైటోకాండ్రియా అని ఉంటయి, శక్తి తయారయ్యేది వాటిలనే. ఆ మందు వాటిని దెబ్బ తీస్తది. తోలు కింద ఉన్న కొవ్వు కణాలు అట్లనే చచ్చిపోతయి. కొన్నేండ్లకు నా దవడలు లోపలికి పోయినయి, కణతలు గుంటలు పడ్డయి, చేతుల మీద నరాలు తేలినయి. పిర్రల మీద కొవ్వు మిగలక, తొర్రూరు నుంచి వరంగల్ దాక బస్సు సీటు మీద కూసునుడే నొప్పి అయితుండె. కొంతమందికి కాళ్లు చేతులు ఇట్ల సన్నబడి పొట్ట, మెడ ఎనుక భాగం మాత్రం పెరిగేది. జిడోవుడిన్ అనే ఇంకో మందుతోటి గూడ ఈ కరుగుడు ఉంటది గని స్టావుడిన్ అంత కాదు.

దవాఖాన వరండాల కూసున్నోళ్లం ఒకరి మొఖం చూసి ఒకరం గుర్తుపట్టేటోళ్లం. మేం పట్టినట్టే బస్టాండుల పరాయోళ్లు గూడ పడ్తరని మా భయం. మేం కన్నతల్లికి గూడ చెప్పుకోని మాటను మా మొఖం ఊరందరికి చెప్తున్నట్టుండె. అందుకే మందు మానేసినోళ్లు ఉన్నరు. వాళ్లల్ల మందు మార్చేదాక ఉన్నోళ్లు తక్కువ. 2009ల ప్రపంచ ఆరోగ్య సంస్థ స్టావుడిన్‌ను మెల్లగ తీసెయ్యమని చెప్పింది, మన దగ్గర గూడ తీసేసిన్రు. నాకు టెనోఫోవిర్ ఇచ్చినంక చేతులకు కాళ్లకు ఏండ్ల మీద కొద్దికొద్దిగ కొవ్వు మళ్లింది. దవడలు పూర్తిగ నిండలేదు. పట్నంల తోలు డాక్టర్లు మొఖంల గుంటలు నింపే సూదులు ఇస్తరు గని, అది ఖర్చుతోటి పని, కొంత కాలానికి మళ్ల ఇయ్యాలె. నేను చేయించుకోలేదు. చేయించుకున్నోళ్లను తప్పు పట్టను, మొఖం నిండితే మనిషికి ధైర్యం వస్తదంటే అది గూడ వైద్యమే.

నీ సంగతి వేరు. నువ్వు వేసుకునేది టీఎల్‌డీ, అంటే టెనోఫోవిర్, లామివుడిన్, డొలుటెగ్రావిర్ కలిపిన ఒక్క గోలీ. ఇది దవడలు గుంజే మందు కాదు. నాకైనట్టు నీకు అయితదని రాత్రులు నిద్ర పోగొట్టుకోకు. డొలుటెగ్రావిర్‌తోటి బరువు పెరుగుడు మాత్రం నిజమే. దక్షిణాఫ్రికాల చేసి 2019ల బయటపెట్టిన అడ్వాన్స్ పరిశోధనల, నీ సోంటి గోలీ వేసుకున్నోళ్లు ఏడాదికి సగటున 3 కిలోల చిల్లర పెరిగిన్రు, ఆడోళ్లు ఇంకొంచెం ఎక్కువ. కొంత పెరుగుడు బీమారి తగ్గి ఒంటికి అన్నం పట్టుడు. నువ్వు ఇదివరకు వేసుకున్న ఎఫావిరెంజ్ బరువును కొంచెం పట్టి ఉంచేది, అది పోయినంక గూడ పెరుగుడు కనపడ్తది. మిగతాది మన తిండి, మన కూసునుడు.

ఇంకో మాట. మా మొఖాలు చూసి గుర్తుపట్టిన్రు గని నీ పొట్ట చూసి ఈ బీమారి అని ఎవ్వరు పట్టలేరు. "ఎన్నో నెల" అని అడిగేటోళ్లు పిల్లల గురించే అడుగుతున్నరు, వాళ్లకు నీ గోలీల సంగతి ఏం ఎరుక? ఆ అడుగుడు గూడ మొరటుదే. "నెల లేదు వదినా, అన్నం ఎక్కువైంది" అని చెప్పి మాట మార్చు. నిజంగ నెల తప్పితే మాత్రం దాచుకోక దవాఖానల చెప్పు, ఈ మందు వేసుకుంటనే బిడ్డను కనొచ్చు.

ఇగ చెయ్యాల్సినయి. టైలర్ టేపు తీసుకొని, కింది పక్కటెముకకు తుంటి ఎముకకు నడుమ, ఊపిరి వదిలినంక కొలువు. ఆడోళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలె. వేళ్లతోటి పట్టుకుంటే చేతికి వచ్చేది తోలు కింద కొవ్వు. చేతికి రాకుండ పొట్ట గట్టిగ ముందుకొస్తే అది లోపలి కొవ్వు, పేగుల చుట్టు చేరేది. గుండెకు చేటు చేసేది, షుగరు తెచ్చేది అదే. అందుకని డాక్టరును పొట్ట గురించి ఒక్కటే అడగకు. షుగరు, కొలెస్ట్రాల్, బీపీ చూడమను. వైరల్ లోడు పోయిన సారి ఎంత వచ్చిందో అడుగు. షుగరు వచ్చి మెట్‌ఫార్మిన్ రాస్తే, డొలుటెగ్రావిర్ వేసుకుంటున్నట్టు తప్పకుండ చెప్పు, ఈ రెండు కలిస్తే మెట్‌ఫార్మిన్ మోతాదు రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటొద్దు. మందు మార్చాల్నా వద్దా అనేది వాళ్లతోటి కూసొని మాట్లాడే సంగతి. వైరస్ అణిగి ఉన్నప్పుడు ఒక్క బరువు కోసం మార్చుడు అన్నిసార్లు లాభం కాదు.

పస్తులు ఉండకు. పస్తుంటే పొట్ట కన్నా ముందు చేతులు కాళ్లు చిక్కుతయి, నీ బాధ రెండింతలైతది. రాత్రి అన్నం తగ్గించి జొన్న రొట్టె తిను, పప్పు, గుడ్డు, చేప తగ్గించకు. బజ్జీలు, తీపి చాయ్‌లు తగ్గించు. పొద్దుగాల ముప్పావు గంట నడువు. నడకతోటి పాటు కుర్చీల నుంచి లేచి కూసునుడు, నీళ్ల బిందె ఎత్తి దించుడు అసోంటి బలం పనులు గూడ చెయ్యి. కండ పెరిగితే సన్నగున్న చేతులు నిండుతయి. ఇది నెలల పని, పెండ్లి లోపల అయ్యేది కాదు.

సన్నబడే పొడులు, దవడలు నిండే గోలీలు అని అమ్మేటియి ముట్టకు. వాటిల కొన్నిట్ల స్టెరాయిడ్లు కలుపుతరు. మొఖం ఉబ్బుతది, పొట్ట పెరుగుతది, షుగరు లేస్తది. మోకాలు నొప్పికి ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకునే ముందు గూడ ఏం సూదో అడుగు. మీ ఆయనకు సూది అయితే ఇంకా జాగ్రత్త, ఆయన వేసుకునే రెండో లైను మందులల్ల రిటోనవిర్ ఉన్నది. దానితోటి ట్రైయామ్‌సినొలోన్ అసోంటి స్టెరాయిడ్ సూది కలిస్తే ఆ స్టెరాయిడ్ ఒంట్ల నుంచి తొందరగ పోదు, మెడ ఎనుక మూపురం లెక్క కొవ్వు చేరుతది. అది గోలీల తప్పని అందరు అనుకుంటరు.

అత్తగారింట్ల, పెండ్లిల ఎవరికన్న చెప్పాల్నా అని గూడ అడిగినవు. ఎవ్వరికి చెప్పాలె, ఎప్పుడు చెప్పాలె అన్నది నీ ఇష్టం. దీని మీద 2017ల హెచ్‌ఐవీ చట్టమొచ్చింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమలైంది. కోర్టు ఉత్తర్వు ఉంటే తప్ప ఈ సంగతి బయటపెట్టమని నిన్ను ఎవ్వరు బలవంతం చెయ్యరాదు, దవాఖానోళ్లు గూడ నీ ఒప్పుకోలు లేకుండ బయటోళ్లకు చెప్పరాదు. వైరస్ పరీక్షల కనపడనంత తక్కువై, గోలీలు తప్పకుండ నడుస్తున్నన్ని దినాలు అది కలయికతోటి ఇంకొకరికి సోకదు. ఆ మాట మీ ఇద్దరికి వర్తిస్తది, మీ ఆయనకు గూడ చెప్పు, ఆయన పక్క మీద దూరం జరుగుతున్నడని రాసినవు గద.

పెండ్లికి కొత్త కొలతలు ఇచ్చి రవికె కుట్టించుకో, పాతది బిగించుకొని నలిగిపోకు. ఈ సారి ఎంజీఎం తేదీ నాడు ఏఆర్‌టీ పుస్తకం, పాత రిపోర్టులు పట్టుకొని రా, నేను వరంగల్ బస్టాండు దగ్గర ఉంట. లోపలికి ఇద్దరం కలిసి పోదాం. రాసేటప్పుడు నడుము కొలత ఎంతొచ్చిందో రాయి.

మీ పెద్దమ్మ