కోళ్ళ షెడ్లలో ఈగలు – ఔషధ నిరోధక బాక్టీరియా వ్యాప్తి

ఒక షెడ్డులో యాంటీబయాటిక్ మందులు పూర్తిగా మానివేసినప్పటికీ అక్కడి కోళ్ళలో ఔషధ నిరోధక బాక్టీరియా కనిపించవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2019 జూలైలో ఆహారం కోసం పెంచే జంతువులలోను, కోళ్ళ పెంపకంలోను, ఆక్వా సాగులోను కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. ఇది అత్యవసరమైన చర్య. అయితే నిషేధం దాణాలో కలిపే మందును ఆపగలదే కాని, పొరుగు షెడ్డు నుండి ఎగిరి వచ్చే ఈగను ఆపలేదు.

కోళ్ళకు ఇచ్చిన టెట్రాసైక్లిన్ వంటి మందులలో గణనీయమైన భాగం మార్పు చెందకుండానే రెట్టతో వెలుపలికి వస్తుంది. మందును తట్టుకొన్న పేగు బాక్టీరియా కూడా దానితోపాటే చేరుతుంది. ఇంటి ఈగ గుడ్లు పెట్టేది ఆ రెట్టలోనే. దాని పిల్లపురుగులకు అందలి బాక్టీరియాయే ముఖ్య ఆహారం. ఆడ ఈగ విడతకు 75 నుండి 150 గుడ్ల వరకు పెడుతుంది. వెచ్చని వాతావరణంలో గుడ్డు ఈగగా మారడానికి 7 నుండి 10 రోజులు చాలు.

ఈగ ఘనపదార్థాన్ని తినలేదు. అన్నకోశంలోని ద్రవాన్ని ఆహారంపై కక్కి, కరిగించి పీల్చుకొంటుంది. కాళ్ళ నూగుకు అంటుకొన్న బాక్టీరియా కంటే ఇలా లోపలి నుండి వెలువడే బాక్టీరియాయే ఎక్కువ ఆందోళన కలిగించేది. ఈగ పేగులో ఒక బాక్టీరియా నుండి మరొక దానికి నిరోధక జన్యువులు గల ప్లాస్మిడ్లు బదిలీ కాగలవని ప్రయోగశాలలో నిరూపితమైంది. కనుక ఈగను కేవలం మోసుకొని పోయే సాధనంగా భావించరాదు.

అమెరికాలోని కాన్సాస్, ఉత్తర కరొలైనా రాష్ట్రాల పందుల ఫారాలలో జరిపిన అధ్యయనంలో పందుల పేడలోను, ఈగలలోను, జర్మన్ బొద్దింకలలోను ఒకే వంశానికి చెందిన నిరోధక ఎంటెరోకాకస్ బాక్టీరియా లభించింది. చైనాలోని షాన్‌డాంగ్ కోళ్ళ పరిశ్రమపై 2017లో ప్రచురితమైన పరిశోధన మరింత ఆలోచింపజేస్తుంది. కార్బపెనెమ్‌లు కోళ్ళకు ఇచ్చే మందులు కావు; ఆసుపత్రులలో తీవ్రమైన అంటువ్యాధులకు చివరి ఆధారంగా దాచుకొన్నవి. వాటిని నిర్వీర్యం చేసే, న్యూఢిల్లీ పేరు మోస్తున్న ఎన్‌డిఎమ్ జన్యువు హేచరీలలో కనిపించలేదు. కాని ఫారాలలోని కోళ్ళలోను, అక్కడి ఈగలు, కుక్కలు, అడవి పక్షులలోను కనిపించింది. ఈగ నుండి కోడికి వచ్చిందా, కోడి నుండి ఈగకు అంటిందా అన్నది ఇటువంటి నమూనాలతో తేలదు. అయినా హేచరీలో లేని జన్యువు పరిసరాల నుండే ఫారంలోకి ప్రవేశించిందని భావించడం సమంజసం.

దారి మూస్తే ఫలితం ఉంటుందా? డెన్మార్క్‌లో 2006 జూన్ నుండి నవంబరు వరకు బ్రాయిలర్ షెడ్లకు ఈగలు చొరబడని తెరలు అమర్చి చూశారు. తెరలు లేని షెడ్లలో 51.4 శాతం మందలకు కాంపిలోబాక్టర్ సోకగా, తెరలున్న షెడ్లలో 15.4 శాతానికే సోకింది. పరిశీలించినది నిరోధకతను కాదు గాని, ఈగలు తెచ్చే భారం ఎంతటిదో దీనివల్ల విదితమవుతుంది.

మన లేయర్ షెడ్లు ప్రక్కలు తెరచి ఉండేవి. వేసవిలో గాలి ఆడనిదే కోడి బ్రతకదు కనుక సన్నని తెరలు అన్నిచోట్ల సాధ్యం కావు. ఇక్కడ ఆచరణీయమైన మార్గం రెట్టను ఆరబెట్టడమే. తాజా రెట్టలో 75 నుండి 80 శాతం తేమ ఉంటుంది. 30 శాతానికి తగ్గితే ఈగలు దాదాపు వృద్ధి చెందవు. కారే నిపుల్‌లను వెంటనే మార్చాలి. వాననీరు కేజీల క్రిందికి చేరకుండా చూడాలి. రెట్ట శంఖాకారంగా పేరుకొని ఆరుతూ ఉంటే దానిని కదల్చరాదు. ఎరువు తీసేటప్పుడు అడుగున ఎండిన పొరను కొంత వదలితే, ఈగ గుడ్లను తినే నల్లులు, ప్యూపాలను చంపే చిన్న కందిరీగలు నిలిచి ఉంటాయి. రెట్టపై కీటకనాశినులు చల్లితే ముందుగా నశించేవి ఈ మిత్రజీవులే. ఈగలు మాత్రం పైరెత్రాయిడ్ మందులకు త్వరగా అలవాటు పడతాయి. యాంటీబయాటిక్ విషయంలో చేసిన పొరపాటునే కీటకనాశిని విషయంలోనూ చేస్తున్నామన్నమాట.

కొల్లేరు పరిసరాలలోని చేపల చెరువులకు కోళ్ళ ఎరువు వాడడం చాలాకాలంగా ఉన్నదే. పచ్చి ఎరువును పట్టా కప్పకుండా తరలిస్తే అందలి పిల్లపురుగులు, ప్యూపాలు కూడా చెరువు గట్టుకు చేరి, అక్కడే ఈగలై ఎగురుతాయి. ఎరువును కుప్పవేసి, కప్పి, లోపలి వేడిలో మ్రగ్గనిచ్చిన తరువాతే లారీకెత్తాలి.