వర్షాధార ఆవ సాగులో విత్తే సమయం, రకం ఎంపిక

ఆవ ఉత్పత్తిలో రాజస్థాన్ దేశంలోనే అగ్రస్థానంలో ఉంది. ఆ రాష్ట్రంలోనూ, పొరుగున ఉన్న హర్యానాలోనూ నీటి వసతి లేని పొలాల్లో ఆవ పంట వానకాలంలో నేల దాచుకున్న తేమపైనే ఆధారపడి పెరుగుతుంది. స్థానికంగా ‘మావఠ్’ అని పిలిచే శీతాకాలపు జల్లులు పడటం అనిశ్చితం. కనుక ఉన్న తేమను పంట ఏ దశలో, ఎంత వేగంగా వాడుకుంటుందన్నదే దిగుబడిని నిర్ణయిస్తుంది. ఈ దృష్టితో చూస్తే విత్తే సమయం, రకం ఎంపిక వేర్వేరు అంశాలు కావు.

విత్తే సమయం: ఈ ప్రాంతాల్లో వర్షాధార ఆవను సాధారణంగా సెప్టెంబరు ద్వితీయార్ధం నుంచి అక్టోబరు ప్రథమార్ధంలోగా విత్తుతారు. ఎండ తీవ్రత తగ్గకముందే విత్తితే లేత మొలకలు వేడికి మాడిపోతాయి. రసం పీల్చే పెయింటెడ్ బగ్ ఉద్ధృతి కూడా అధికమవుతుంది. చల్లబడే వరకు మరీ వేచి ఉంటే పైపొరలోని తేమ ఆరిపోయి మొలక పలుచబడుతుంది. ఆలస్యంగా విత్తిన పంటలో శాకీయ దశ కుదించుకుపోయి కొమ్మలు, కాయలు తగ్గుతాయి. పూత ఆలస్యమై పేనుబంక ఉద్ధృతికి చిక్కుతుంది. గింజ నిండే దశలో ఉష్ణోగ్రతలు పెరగడం వల్ల గింజ బరువు, నూనె శాతం తగ్గుతాయి.

రకం ఎంపిక: కాన్పూరులో రూపొందిన వరుణ రకం సుమారు 135–140 రోజుల్లో కోతకు వస్తుంది. సకాలంలో విత్తి, లోతైన నేలలో తేమ నిల్వ ఉన్నప్పుడే ఇంతటి కాలపరిమితి గల రకాలు తమ సామర్థ్యాన్ని చూపగలవు. ఆర్‌హెచ్ 819, ఆరావళి, గీత రకాలను వర్షాధార పరిస్థితులకే సిఫారసు చేశారు. పూసా అగ్రణి సుమారు 110 రోజుల స్వల్పకాలిక రకం. ఇటువంటి రకాలు తేమ తరిగిపోకముందే పక్వానికి రాగలవు. అయితే వీటిని మరీ ముందుగా విత్తితే కాయలు ఏర్పడే దశ డిసెంబరు చివరి, జనవరి మంచుదెబ్బకు గురయ్యే ప్రమాదముంది.

మొక్కల సాంద్రత: హెక్టారుకు 4–5 కిలోల విత్తనం సాధారణ మోతాదు. ఆలస్యాన్ని పూరించుకోవడానికి విత్తనం పెంచడం వర్షాధార సాగులో మేలు చేయదు. ఒత్తుగా ఉన్న మొక్కలు పూతకు ముందే తేమను హరిస్తాయి. విత్తిన 15–20 రోజులకు అదనపు మొక్కలను పలుచన చేయడం అవసరం.

ప్రయోగ ఫలితాల అన్వయం: విత్తే తేదీలు, రకాలు కలిపి పరీక్షించినప్పుడు రకాల సగటు దిగుబడి మాత్రమే చూడటం చాలదు. సకాలపు విత్తులో ముందున్న రకం ఆలస్యపు విత్తులో వెనుకబడవచ్చు. కాబట్టి ఈ రెండింటి పరస్పర ప్రభావం ఆధారంగానే సిఫారసు చేయాలి.

శీతాకాలం తక్కువగా ఉండే తెలంగాణ వంటి ప్రాంతాలకు ఉత్తరాది తేదీలను యథాతథంగా వర్తింపజేయలేము. ముందుగా విత్తనపు లోతులో తేమను, తరువాత పగటి వేడిమిని పరిశీలించి, మిగిలిన చల్లని కాలంలో పక్వమయ్యే రకాన్ని ఎంచుకోవడమే సముచితం.