సాక్సొఫోన్ సాధన: నాదము, నిలకడ

మన అనంతపురం వైపు సన్నాయి వినని చెవి ఉండదు. సాక్సొఫోన్ సంగతి అలా కాదు. అది బ్యాండు మేళంతో ఊరేగింపుల్లోకీ, సినిమా పాటలతో ఇళ్ళలోకీ వచ్చిన వాద్యం. అందుచేత దాని మీద మాయామాళవగౌళ సరళీ వరుసలు వాయిస్తున్నామంటే నవ్వే పెద్దలు ఇంకా ఉన్నారు. వారిని ఒప్పించటం ఈ వ్యాసం పని కాదు. ఆ పని మంగుళూరు దగ్గర పుట్టిన కద్రి గోపాల్‌నాథ్ గారు (1949–2019) తన జీవితకాలంలోనే చేసి వెళ్ళారు. ఆయన నాదస్వర విద్వాంసుని కుమారుడు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సొఫోన్ విని, దానికోసం నాదస్వరం పక్కన పెట్టారు. 1994లో లండన్ బి.బి.సి. ప్రోమ్స్ కచేరీల్లో ఆ వాద్యం మీదనే కర్ణాటక సంగీతం వినిపించారు. 2004లో పద్మశ్రీ వచ్చింది. కనుక వాద్యం పనికి వస్తుందా రాదా అనే చర్చ ముగిసినట్లే లెక్క.

మిగిలింది మన చర్చ. మన చుట్టుపక్కల ఈ వాద్యం నేర్చుకునే కుర్రవాళ్ళు చాలా వరకు బ్యాండు మేళం కుటుంబాల వాళ్ళు. స్వరజ్ఞానం ఇంట్లోనే వస్తుంది, వేళ్ళు చకచకా ఆడతాయి. అయినా రెండు మూడేళ్ళకే పెదవి లోపల పుండు పడి, కుడి బొటనవేలు తిమ్మిరెక్కి, మెడనొప్పి పట్టి వదిలేసేవాళ్ళను నేను చాలామందిని చూశాను. వదలనివాళ్ళ నాదం గీరుకుపోయినట్లుంటుంది. ఈ రెంటికీ కారణం ఒక్కటేనని నా అభిప్రాయం. వాద్యం పట్టుకునే తీరు సరిగా లేకపోతే ఒళ్ళు చెడుతుంది, ఒళ్ళు బిగిస్తే నాదం చెడుతుంది. రాగం, తాళం సంగతి తరువాత.

సాక్సొఫోన్‌ను బెల్జియం దేశస్థుడైన అడాల్ఫ్ సాక్స్ తయారు చేశాడు. 1846లో పారిస్‌లో పేటెంటు పొందాడు. మిలిటరీ బ్యాండుల కోసం పుట్టినా, శాస్త్రీయ వాద్యంగానూ నిలబడింది. పారిస్ కన్సర్వేటరీలో మార్సెల్ మ్యూల్ అనే ఆచార్యుడు 1942 నుంచి పాతికేళ్ళకు పైగా దీనిని బోధించాడు. రష్యన్ స్వరకర్త గ్లజునోవ్ 1934లో దీనికోసం కాన్సర్టో రాశాడు. ఇత్తడితో చేసినా ఇది సన్నాయికి చుట్టమే. రెంటి గొట్టమూ పైన సన్నగా మొదలై కిందికి పోనుపోను వెడల్పవుతుంది. క్లారినెట్ గొట్టం అలా కాదు, చాలా మేర ఒకే వెడల్పు. అందుకే గట్టిగా ఊది పై స్థాయికి పోయినప్పుడు సన్నాయీ సాక్సొఫోనూ సరిగ్గా ఒక స్థాయి పైకి పలుకుతాయి, క్లారినెట్ మాత్రం స్థాయి దాటి పై పంచమానికి దూకుతుంది. తేడా నోటి దగ్గర ఉంది. సన్నాయి పీకకు రెండు రేకులు, సాక్సొఫోన్‌కు ఒకటే. ఆ ఒక్క రీడు మౌత్‌పీస్ మీద ఆనుకుని కంపిస్తుంది. మరో తేడా ఇంకా ముఖ్యమైనది. సన్నాయిలో రంధ్రాన్ని వేలితో సగం మూసి, కాస్త తెరిచి గమకం తెస్తారు. సాక్సొఫోన్‌లో రంధ్రాలను మూసేవి కీలు, వాటి కింద ప్యాడ్లు. గమకంలో ఎక్కువ భాగం దవడతో, పెదవితో, గొంతుతో తేవలసిందే. దవడ బిగుసుకుంటే ఇక గమకం ఎక్కడిది?

ఇక పట్టుకునే తీరు. రాప్తాడులో నాకు మొదటి పాఠం చెప్పిన పెద్దాయన సాక్సొఫోన్ విద్వాంసుడు కాదు, బ్యాండులో క్లారినెట్ వాయించినవాడు. ఎవరు వాయిస్తున్నా ఆయన అడిగేది ఒకటే ప్రశ్న: "ఏమప్పా, నీ నోరు పీక కాడికి పోతాండాదా, పీక నీ నోటికాడికి వస్తాండాదా?" పుస్తకాల్లో పేజీలకు పేజీలు రాసిన విషయం ఈ ప్రశ్నలో ఇమిడిపోయింది. మొదట వాద్యం లేకుండా నిలబడండి. మడమలు, వీపు గోడకు ఆనించి, తల నిటారుగా, చూపు ఎదుటికి. రెండడుగులు ముందుకు వచ్చి అదే తీరున నిలిచి, అప్పుడు స్ట్రాపు మెడలో వేసుకుని వాద్యం తగిలించండి. స్ట్రాపును పైకి లాగుతూ పోతే మౌత్‌పీస్ తనంతట తానే పెదవుల దగ్గరికి వస్తుంది. అక్కడ ఆపాలి. మన కుర్రవాళ్ళలో ఎక్కువమంది స్ట్రాపు పొడుగ్గా వదిలేసి, గడ్డం దించి మెడ ముందుకు చాస్తారు. దానితో గొంతు నొక్కుకుపోతుంది, కింది పెదవి మీద పంటి బరువు పడుతుంది. పెదవి లోపలి పుండు అక్కడిదే.

ఆల్టో సాక్సొఫోన్ బరువు సుమారు రెండున్నర కిలోలు. ఆ బరువు మొయ్యవలసింది స్ట్రాపు, బొటనవేలు కాదు. కుడి బొటనవేలి కింద ఉండే హుక్కు వాద్యాన్ని కొంచెం ముందుకు తొయ్యటానికే ఉంది. చాలా వాద్యాలలో ఆ హుక్కును స్క్రూ వదులు చేసి జరుపుకోవచ్చు. ఈ సంగతి తెలియక ఏళ్ళ తరబడి బాధపడేవాళ్ళున్నారు. పన్నెండు పదమూడేళ్ళ పిల్లలకు మెడ స్ట్రాపు కన్నా రెండు భుజాల మీదుగా వేసుకునే పట్టీ మేలు. వేళ్ళు బంతి పట్టుకున్నట్లు వంగి ఉండాలి, మోచేతులు పక్కటెముకలకు అంటుకోకూడదు.

కచేరీలో కింద కూర్చుని వాయించాలి గదా! ఇక్కడ పాశ్చాత్యుల పుస్తకాలు మనకు సాయం రావు, వారు నిలబడి లేదా కుర్చీలో కూర్చుని వాయిస్తారు. పద్మాసనమో, మామూలు బాసింపట్టో వేసి చాప మీద కూర్చుంటే మోకాళ్ళు నడుముకంటె పైకి లేస్తాయి, నడుము వెనక్కి వంగుతుంది, పొట్ట మడతపడుతుంది. మడతపడిన పొట్టలోకి శ్వాస ఎట్లా దిగుతుంది? దుప్పటి నాలుగు మడతలు వేసి పిరుదుల కింద మాత్రం పెట్టుకోండి. మోకాళ్ళు కిందికి దిగుతాయి, వెన్ను తనంతట లేస్తుంది. వాద్యం ఒడి మధ్యలో ఇమడకపోతే కుడి పక్కకు వాల్చవచ్చు. అయితే వాద్యం వాలింది గనుక తల కూడా వాల్చకూడదు. మౌత్‌పీస్‌ను, వాద్యం మెడను కొద్దిగా తిప్పి ముఖానికి అడ్డంగా సరిచేసుకోవాలి. నిమిషం పట్టని పని. చెయ్యనివాళ్ళే ఎక్కువ.

ఊరేగింపులో నడుస్తూ గంటల కొద్దీ వాయించేవాళ్ళ గురించి ఒక మాట. టపాకాయల మధ్య, డప్పుల మధ్య వినపడాలంటే గట్టిగా ఊదక తప్పదు. అది వారి బతుకుతెరువు, తప్పు పట్టటానికి నేనెవరిని? కాని గట్టి నాదం వేరు, నిండు నాదం వేరు. రాత్రి ఊరేగింపులో వాయించిన కుర్రవాడు మరునాడు పావుగంటైనా అతి మెల్లగా ఊది చూసుకోకపోతే, కొన్నాళ్ళకు మెల్లగా వాయించటం మరిచిపోతాడు. కచేరీలో ఆలాపన మొదలయ్యేది ఆ మెల్లని నాదంతోనే.

శ్వాస గురించి అందరూ చెప్పేదే. భుజాలు లేపకుండా పొట్ట, పక్కటెముకలు నలువైపులా వెడల్పయ్యేటట్లు తీసుకోవాలి. దీనికి వెల్లకిలా పడుకుని పొట్ట మీద బరువైన పుస్తకం పెట్టుకుని ఊపిరి తీసి చూడటం సులభమైన ఉపాయం. మన హాస్టల్లో శంకరనారాయణ డిక్షనరీ ఇందుకు బహు బాగా పనికి వచ్చింది. పుస్తకం లేవాలి, ఛాతీ ఎగరకూడదు. తీసిన గాలిని ఒక్కసారి వదలక సన్నని ధారగా, ఒకే వత్తిడితో పంపాలి. ఆదితాళం ఒక ఆవర్తనం నిలిపితే మొదటికి చాలు, తరువాత రెండు.

నోటి అమరిక: పై పళ్ళు మౌత్‌పీస్ మీద తేలికగా ఆనాలి. కింది పెదవి కింది పళ్ళ మీదికి కొంచెం మడిచి రీడుకు మెత్తలాగా ఉండాలి. పెదవుల మూలలు సంచి తాడు బిగించినట్లు లోపలికి రావాలి. నవ్వుతున్నట్లు పక్కలకు లాగరాదు, బుగ్గలు పూరించరాదు. సరిగా ఉందో లేదో తెలుసుకునేందుకు ఒక పరీక్ష ఉంది. వాద్యం పక్కన పెట్టి, రీడు బిగించిన మౌత్‌పీస్ ఒక్కటే ఊదండి. ఆల్టోకు శాస్త్రీయ పద్ధతిలో అది సెకనుకు 880 కంపనాల 'ఎ' స్వరానికి దగ్గరగా పలకాలని చెబుతారు. హార్మోనియం మీదైతే ఆరో తెల్లమెట్టు, పై స్థాయిలో. అంతకన్నా పైకి పలికిందంటే దవడ కొరుకుతున్నదన్న మాట. బాగా కిందికి పోతే పెదవి సడలినట్లు. మన పిల్లల్లో దాదాపు అందరికీ మొదట పైకే పలుకుతుంది. వెంటనే పెదవి సర్దటానికి పూనుకోకుండా తల ఎక్కడుందో చూడండి. తల నిటారుగా తెస్తే ఆ స్వరం సగం దారి తనే దిగుతుంది.

ఇప్పుడు అసలు మన నేల సంగతికి వస్తాను. ఈ జిల్లాలో సాలుకు సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఫాల్గుణం దాటితే గాలిలో తడి ఉండదు. పండమేరులో ఇసుకే తప్ప నీళ్ళు కనపడని రోజులే ఎక్కువ. రీడు చేసేది ఒక జాతి రెల్లు వంటి వెదురుగడ్డితో, అందులో మంచిది దక్షిణ ఫ్రాన్సు నుంచి వస్తుందని పేరు. తడిసినప్పుడే అది సరిగా కంపిస్తుంది. రాప్తాడు గాలిలో పెట్టె తెరిచి పది నిమిషాలు ఉంచితే రీడు కొస ఆరి, అలలు అలలుగా వంకర తిరుగుతుంది. అప్పుడు ఊదితే కీచుమంటుంది. కుర్రవాడు తన పెదవిదే దోషమనుకుని ఇంకా గట్టిగా కొరుకుతాడు. చూశారా, కొరికే అలవాటుకు ఇదొక దారి!

దీనికి మందు కష్టం కాదు. వాయించే ముందు రీడును రెండు నిమిషాలు మంచినీళ్ళలో ఉంచి, కొస చదునుగా అయిందో లేదో వెలుతురుకు పెట్టి చూడాలి. వాయించినాక మౌత్‌పీస్ మీదనే వదిలెయ్యకుండా తీసి, తుడిచి, చదునైన అద్దం ముక్క మీదనో రీడు పెట్టెలోనో పడుకోబెట్టాలి. ఒక్క రీడు అరిగేదాకా వాడటం పొదుపు కాదు. మూడు నాలుగు వంతుల వారీగా వాడితే అన్నీ ఎక్కువ కాలం వస్తాయి. సన్నాయి విద్వాంసులు తమ వాద్యానికి దారాలతో అదనపు పీకలు వేలాడదీసుకుంటారు, అది అలంకారానికి కాదు. రీడు నెంబరు విషయంలో పంతాలు వద్దు. కొత్తవారికి 2 లేదా 2½ చాలు. 3 వాయిస్తేనే మొనగాడని పందేలు వేసుకునేవాళ్ళను నేనెరుగుదును. శక్తికి మించిన రీడు మళ్ళీ దవడ బిగింపుకే దారి తీస్తుంది.

ఎండాకాలంలో ఇంకొక చిక్కు. వేడెక్కిన గాలిలో ధ్వని వేగం పెరుగుతుంది, దానితో వాద్యం శ్రుతి పైకి జరుగుతుంది. ఎలెక్ట్రానిక్ శ్రుతి పెట్టె మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. పెదవి సడలించి శ్రుతి దించటానికి ప్రయత్నిస్తే నాదం పలచబడుతుంది. మౌత్‌పీస్‌ను కార్కు మీద కొంచెం బయటికి లాగటమే సరైన పద్ధతి. శీతకాలం తెల్లవారుజామున దీనికి తిరగేసి చెయ్యాలి. ఇక మనది వేరుశనగ జిల్లా. జేబులో పప్పులు నములుతూ సాధనకు కూర్చునేవాళ్ళకు నా మనవి: నోరు పుక్కిలించి రండి. పప్పు పలుకులు మౌత్‌పీస్‌లో చేరతాయి. చిక్కీ తిని ఊదితే ఆ తీపి ప్యాడ్లకు పట్టి కీలు అంటుకుపోతాయి.

సాధన వరుస గురించి నా పద్ధతి చెబుతాను. శ్రుతి పెట్టి ముందు మధ్య స్థాయిలో ఒక స్వరం. మెల్లగా మొదలుపెట్టి, పెంచి, మళ్ళీ మెల్లగా దించి ఆపటం. స్వరం పెరిగినప్పుడు శ్రుతి పైకి గాని కిందికి గాని కదలకూడదు. పాశ్చాత్యులూ రోజూ ఇదే చేస్తారు. తరువాత ఒక్కొక్క మెట్టు దిగుతూ మంద్రానికి. మంద్ర స్వరాలు మెల్లగా పలకటమే ఈ వాద్యంలో కష్టం. గొంతు తెరిచి 'ఓ' అన్నట్లు పెట్టుకోకపోతే అవి పై స్థాయికి ఎగిరిపోతాయి. దీనికి ఇరవై నిమిషాలు. అటుపైన సరళీ వరుసలు మొదటి కాలంలోనే, ప్రతి స్వరం నాలుకతో 'తు' అని మొదలుపెట్టి. జంట స్వరాలలో రెండో స్వరానికి నొక్కు రావాలి, అప్పుడూ దవడ ముందుకు పొడుచుకు రాకూడదు. గమకాలకు ఆరు నెలలు తొందరపడకపోతే మేలు. దవడ వదులుగా ఉంచటం వచ్చిన రోజున మాయామాళవగౌళ రిషభం తనంతట కదులుతుంది.

గంటసేపు వరుసగా ఊదటం కన్నా ఇరవయ్యేసి నిమిషాల చొప్పున మూడుసార్లు మేలు. మధ్యలో స్ట్రాపు తీసి, భుజాలు తిప్పి, బొటనవేలు నలుపుకోవాలి. బొటనవేలు తిమ్మిరిగా ఉంటే ఆ రోజుకు సాధన ఆపి, హుక్కు జరిపి మరునాడు చూడాలి. వారాల తరబడి తిమ్మిరి పోకపోతే డాక్టరు దగ్గరికి పోవాలి గాని, అలవాటవుతుందని పట్టుబట్టరాదు. గదిలో వాయిస్తే గోడలు నాదాన్ని పెంచి చెబుతాయి గనుక వారానికి ఒకసారైనా ఆరుబయట వాయించి చూడండి. నేను రాప్తాడు పొలాల్లో పొద్దు పొడవకముందే వాయిస్తాను. ఆ వేళకు గాలి లేవదు, దుమ్ము ఉండదు, రీడు కూడా అంత తొందరగా ఆరదు. అయిపోగానే గొట్టంలోంచి నూలుగుడ్డ లాగి తడి తీసి, పెట్టె మూసేదాకా అక్కడ నుంచి లేవను.