ముత్తాతగారి ఫిడేలు

గత విద్యాసంవత్సరమున పదవ తరగతి విద్యార్థి యొకడు పాత చెక్కపెట్టె నొకదానిని చంకనిడుకొని మా యొద్దకు వచ్చెను. అందు వాని ముత్తాతగారి ఫిడేలు గలదు. ఆయన దేవాలయములో కీర్తనలకు దానిని వాయించెడివారట. లోపల నంటించిన చిన్న కాగితముపై "ఆంటోనియస్ స్ట్రాడివేరియస్ క్రెమోనెన్సిస్ ఫేసియెబాట్ అన్నో 1721" అని లాటిను భాషలో ముద్రింపబడి యుండెను. క్రెమొనా నివాసి యగు ఆంటోనియో స్ట్రాడివేరి 1721లో చేసెనని దాని యర్థము. వర్తకు డొకడు దానిని చూచి, "ఇది లక్షలు పలుకును; కాని ధ్రువపత్రము తెప్పింపవలెను, అందులకు ముందుగా ఇరువది వేల రూపాయలు కావలెను" అని చెప్పెనట. వారి యిల్లు తాకట్టులో నున్నది. చేతిగాజు లమ్మి యా పైకము నిచ్చుటకు బాలుని తల్లి సిద్ధపడుచుండెను. మేము రెండు సాయంకాలములు దానిని పరీక్షించితిమి. ఇట్టి వాద్యములు మన విద్యార్థుల యిండ్లలో మఱికొన్ని యుండవచ్చును గాన ఆ పరీక్షాక్రమము నిచట వ్రాయుచున్నాము.

మొదట కాగితమును నమ్మరాదు. స్ట్రాడివేరి (1644-1737) ఇటలీ దేశమున క్రెమొనా పట్టణములో పనిచేసెను. ఆయన చేసిన వాద్యములలో నేడు మిగిలినవి సుమారు 650 మాత్రమే. అవి దాదాపన్నియు నిపుణుల పట్టికలకెక్కినవి. 19వ శతాబ్దమున జర్మనీలోని మార్క్‌నాయ్‌కిర్షెను, దాని సమీపమున బొహీమియాలోని షోన్‌బాఖ్, ఫ్రాన్సులోని మీర్‌కూర్ అను పట్టణములు ఫిడేళ్లను వేలకొలదిగా చేసి లోకమంతట నమ్మినవి. వానిలో మహాశిల్పుల పేర్లుగల కాగితములను అంటించుట వాడుక. ఆ పనివారినందఱిని మోసగాండ్రనుట న్యాయము కాదు. ఏ శిల్పి నమూనా ననుసరించిరో ఆ పేరు వేసిరి. కొన్నవాడును దాని వెలనుబట్టియే సంగతి గ్రహించెడివాడు. మోసము తరువాతి చేతులలో పుట్టినది.

కాగితము తుడువరాదు, తడుపరాదు. ఒక పిడికెడు పొడిబియ్యమును 'ఎఫ్' అక్షరమును బోలిన రంధ్రముల గుండ లోనికి పోసి, మెల్లగా కదలించి, తిరిగి వంపివేసినచో దుమ్మంతయు బియ్యముతో కూడ వచ్చును. పిమ్మట చిన్న టార్చిలైటుతో చూడవలెను. మేమట్లు చేయగా కాగితపు టడుగున "మేడ్ ఇన్ జర్మనీ" అను సూక్ష్మాక్షరములు బయటపడినవి. పరదేశపు సరకుపై ఆ దేశము పేరుండవలెనని 1887లో ఇంగ్లండునందును, 1890లో అమెరికాయందును చట్టములు పుట్టినవి. కావున ఇట్టి మాట గల వాద్యము సాధారణముగా ఆ కాలమునకు పిమ్మటిదే. "చెకోస్లొవేకియా" అని యున్నచో 1918 తరువాతిది. ఆ రాజ్యమప్పుడే యేర్పడెను. "వెస్ట్ జర్మనీ" అని యున్నచో 1949కిని 1990కిని నడుమ చేసినది. దేశము పేరు లేకపోవుట మాత్రము దేనికిని సాక్ష్యము కాదు.

తరువాత కొయ్యపని. మంచి ఫిడేలునకు పలకల యంచుచుట్టును సన్నని కొయ్యబద్దను గాడిలో పొదుగుదురు. చౌకవానికి సిరాతో గీతలు గీయుదురు. భూతద్దముతో చూచిన తెలియును. వ్రేళ్లాడించు పలక నల్లచేవ కొయ్యతో గాక సామాన్యపు కొయ్యకు నల్లరంగు పూసినదైనచో చౌకసరకే. పాతదిగా కనబడుటకై వార్నీషును కావలెనని అరగదీయుటయు కలదు. చేయి సోకని చోట అరుగుదల యుండి, చేయి సోకు చోట లేకున్నచో సందేహింపవలెను.

అరుగుదల మఱియొక కథ చెప్పును. బాలుస్వామి దీక్షితులు మొదలుకొని మన కర్ణాటక సంగీత విద్వాంసులు ఫిడేలును తమదిగా చేసికొనిరి. వారు నేల గూర్చుండి దాని తలను పాదముపై నానించి వాయింతురు గాన, అచ్చట మెఱుగు పోవును. ఈ ఫిడేలు తలపై అట్టి గుర్తు లేదు. గడ్డమానించు చోట మాత్రము చెమట మచ్చ గలదు. నిలిచి వాయించెననుటకు అదియే సాక్ష్యము. గడ్డపు టానికను సుమారు 1820లో లూయీ ష్పోర్ అను జర్మను విద్వాంసుడు కల్పించెను. దానిని పాత వాద్యమునకైనను బిగింపవచ్చును గాన, తీసి పెట్టదగిన భాగములనుబట్టి వయస్సు కట్టరాదు.

పైపలకలోని చెట్టువలయములను కొలిచి కాలము నిర్ణయించు శాస్త్రమును కలదు. ఆక్స్‌ఫర్డులోని ఆష్మోలియన్ ప్రదర్శనశాలయందున్న 1716 నాటి "మెస్సయ్య" ఫిడేలు నిజముగా స్ట్రాడివేరిదేనా యని వివాదము రేగినపుడు ఈ పరీక్ష చేసిరి. తుది వలయము 1680-1690 నడిమి కాలమునకు చెందినదని తేలెను. అనగా కాగితముపైని తేదీకి విరోధము లేదు. అయితే చెట్టెప్పటికి ముందు పడలేదో మాత్రమే వలయములు చెప్పును. ఎవరు చేసిరో చెప్పజాలవు.

ఇంత పరీక్షయు మనకు అక్కఱలేకపోయెను. పెట్టె మూతలోని చినిగిన మఖమలు క్రింద మడతపెట్టిన రసీదు దొరకెను: 1936, మద్రాసు, ముత్తాతగారి పేరు, ముప్పదియైదు రూపాయలు. కుటుంబపు కాగితములు, పాత ఛాయాచిత్రములు వెదకిన పిమ్మటనే నిపుణుని యొద్దకు పోవుట మేలని మాకప్పుడు తోచెను.

తల్లిగారిని పిలిపించి ఉన్నదున్నట్లు చెప్పితిమి. ఆమె కొంతసేపు మాటాడలేదు. "అయితే ఆ డబ్బు కట్టనక్కఱలేదు గదా, మాస్టారూ?" అని యడిగెను. అక్కఱలేదంటిమి. ఇల్లు విడిపించు దారి మాత్రము మేము చూపలేకపోతిమి. ఆమె రసీదు నడిగి తీసికొని, అక్షరములు పదేపదే చూచి, "మా తాతగారు మొదటి జీతముతో కొన్నారని మా అమ్మ చెప్పేది, నేను నమ్మలేదు" అనెను. ఫిడేలునకు రెండు బిరడలు మార్పించితిమి. బాలుడు ప్రతి శనివారము మా యింట దానిపై సరళీస్వరములు సాధకము చేయుచున్నాడు. కమాను పట్టు ఇంకను కుదురలేదు.